ఇంటి నేలకు టేకు పలకలు: తరుగు, తడి తేల్చుకున్నాకే అంచనా

రాజమండ్రి, కాకినాడ, భీమవరం ప్రాంతాల కలప అడితులకు గృహ నిర్మాణం తరఫున వచ్చే గిరాకీ ఏళ్ల తరబడి ద్వారబంధాలు, తలుపులు, కిటికీల చుట్టూనే తిరుగుతూ వచ్చింది. పడకగదికో, మేడ మీది గదికో కర్ర నేల వేయించుకోదలచి అడితికి వచ్చేవారు తక్కువే. అయినా ఆ బేరం చిన్నది కాదు. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల ఒక్క గది నేలకు సుమారు 20 ఘనపుటడుగుల కోత కలప పడుతుంది. 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు గల ద్వారబంధాన్ని 5 అంగుళాలు, 3 అంగుళాల కర్రతో గడపతో సహా చేయిస్తే పట్టేది 2 ఘనపుటడుగుల పైచిలుకు మాత్రమే. ఆ లెక్కన ఒక గది నేల తొమ్మిది ద్వారబంధాల పెట్టు.

ఇంతటి బేరం అడితి గుమ్మంలోనే చెడిపోవడానికి కారణం ధర ఒక్కటే కాదు. టైల్సు దుకాణదారు చదరపుటడుగుకు ఇంత అని ఒక్క మాటలో చెబుతాడు. కలప వర్తకుడు ఘనపుటడుగుకు ఇంత అంటాడు. ఆ రెండింటి మధ్య దూరాన్ని ఇంటి యజమాని తనకు తోచిన లెక్కతో పూడ్చుకుంటాడు. ఆ లెక్క అసలు ఖర్చులో సగానికి కాస్త పైన ఆగిపోతుంది. బిల్లు చేతికి వచ్చిననాడు మొదటి తగవు పుడుతుంది. అది ఎలాగో సర్దుకున్నా, ఆరని కర్ర వేసిన పక్షంలో ఏడాది తిరగకుండా రెండవ తగవు వస్తుంది. మొదటిది తరుగు తగవు, రెండవది తడి తగవు. డెల్టాలో కర్ర నేల నిలిచేదీ లేచేదీ ఈ రెండింటినీ ముందే కాగితం మీద తేల్చుకోవడాన్ని బట్టి ఉన్నది.

కాలి కింద కర్ర కొత్త

డెల్టా ఇంటికి కర్ర కొత్త కాదు. మండువా లోగిళ్లలో స్తంభాలు, దూలాలు, వాసాలు, అటక చెక్కలు అన్నీ కర్రవే. మిద్దె ఇళ్లలో టేకు దూలాల మీద సన్న ఇటుకలను అంచున నిలిపి సున్నంతో కట్టి, పైన సున్నపు కాంక్రీటు దిమ్మిస కొట్టేవారు. నేల మాత్రం మొదట సున్నపు గచ్చు, తరువాత నాపరాయి, ఎర్ర సిమెంటు, మొజాయిక్, పాలరాయి, ఇప్పుడు విట్రిఫైడ్ టైల్సు. నేలలో చెమ్మ, చెదల బెడద, నీళ్లు పోసి కడిగే అలవాటు ఉన్న ఈ ప్రాంతంలో కర్రను కాలి కిందకు తీసుకురావడానికి పూర్వులు వెనుకాడినారంటే అందుకు కారణం లేకపోలేదు.

సరుకు రాక తీరు కూడా పూర్తిగా మారిపోయింది. పై గోదావరి అడవుల నుంచి టేకు, వెదురు తెప్పలు కట్టి నదిలో రాజమండ్రికి దింపిన కాలం ఉన్నది. నది మీద దిగిన కలపతోనే నరసాపురం పరిసరాలలో ఓడల నిర్మాణం సాగింది. ఆ కాలం గతించింది. పాపికొండల అభయారణ్యం 1978లో ఏర్పడి, 2008లో జాతీయ ఉద్యానవనమైంది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్‌పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు, ఆమోదం పొందిన ప్రణాళిక లేకుండా అడవులలో చెట్లు నరకరాదని దేశమంతటికీ కట్టడి చేసింది. రంగూన్ టేకు పేరు విని పెరిగిన వర్తకులకు 2014 ఏప్రిల్ 1న మరొక దారి మూసుకుపోయింది. ఆ తేదీ నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని నిలిపివేసింది. దరిమిలా అటవీశాఖ వేలం టేకు, రైతుల గట్ల మీది టేకు, ఘనా, నైజీరియా, ఈక్వెడార్, కోస్టారికా వంటి దేశాల తోట టేకు కొనుగోలుదారుల ముందు నిలిచాయి. పేరు అన్నిటికీ టేకే. చేవలో, చుట్టుకొలతలో, తరుగులో ఒకదానికి మరొకదానితో పోలిక లేదు.

16, 12, 9

తరుగు తగవు ఎక్కడ పుడుతున్నదో ఒక గది లెక్కతో తేలుతుంది. గది 12 అడుగులు, 15 అడుగులు. వైశాల్యం 180 చదరపుటడుగులు. పని పూర్తయ్యాక పలక మందం ముప్పావు అంగుళం ఉండాలి.

ఇంటి యజమాని లెక్క తేలిక. 180 చదరపుటడుగులను ముప్పావు అంగుళంతో హెచ్చించి 12తో భాగిస్తే 11 ఘనపుటడుగుల పావు వస్తుంది. ఘనపుటడుగు ధరను 16తో భాగిస్తే చదరపుటడుగు ఖర్చు వచ్చినట్లు ఆయన భావిస్తాడు.

దళారి లెక్క ఇంకొంచెం ముందుకు వెళుతుంది. చిత్రిక పట్టిన పిదప ముప్పావు నిలవాలంటే కోత మిల్లులో అంగుళం పలక కోయించాలి. అప్పుడు 15 ఘనపుటడుగులు పడుతుంది. ధరను 12తో భాగించాలి.

అసలు లెక్క వడ్రంగి చేతిలో ఉన్నది. కోతలో 4 అంగుళాల వెడల్పున్న పలకకు చిత్రిక పట్టి, ఒక అంచున గాడి, రెండవ అంచున నాలిక తీశాక నేల మీద కప్పేది 3 అంగుళాల పావు మాత్రమే. కనుక 15 కాస్తా 18 ఘనపుటడుగులన్నర అవుతుంది. కొసలు, ముడులు, తెల్లచెక్క, పగుళ్లు తీసివేయగా పోయేదానికి నూటికి 10 వంతులు కలిపితే 20 ఘనపుటడుగుల పైన మరి కొంత. అంటే ఘనపుటడుగు ధరను 9తో భాగించాలి.

లెక్క సులువు కోసం కోత టేకు ఘనపుటడుగు 1,000 రూపాయలని అనుకోవచ్చు. ఇది గుండ్రని అంకె మాత్రమే, బజారు ధర కాదు. యజమాని లెక్కలో గదికి 11,250 రూపాయలు, దళారి లెక్కలో 15,000, వడ్రంగి లెక్కలో 20,300. యజమాని మనసులో ఉన్న ప్రతి రూపాయికీ మరో 80 పైసలు అదనంగా పడుతున్నాయన్నమాట. "ఏమండీ, గది లెక్క పదకొండుంబావే కదా, బిల్లులో ఇరవై ఎక్కడిదండీ?" అని అడిగే యజమానిది మోసపోయానన్న బాధ. "తరుగు మా జేబులో పడలేదండీ, రంపపు పొట్టులో పడింది" అనే వర్తకునిది నింద పడిందన్న బాధ. ఇద్దరూ తమ తమ లెక్కల ప్రకారం సత్యమే చెబుతున్నారు. బయానా ఇచ్చిననాడే 9 లెక్క చెప్పి ఉంటే ఈ మాటలకు తావు ఉండదు.

పలక వెడల్పును బట్టి ఈ అంకె కాస్త అటూ ఇటూ జరుగుతుంది. కోతలో 6 అంగుళాల పలక 5 అంగుళాల పావు కప్పుతుంది కనుక భాగహారం తొమ్మిదిన్నర అవుతుంది. 3 అంగుళాల పలక రెండుంబావే కప్పుతుంది కనుక 8కి దిగుతుంది. వెడల్పు పలకలో తరుగు తక్కువని వెంటనే అటు మొగ్గడం మంచిది కాదు. తడి మారినప్పుడు వెడల్పు పలకే ఎక్కువ కదులుతుంది.

దుంగ కొనేవారికి

కొందరు యజమానులు కోత కలపకు బదులు దుంగ కొని తామే మిల్లుకు వేయించుకుంటే లాభమని తలుస్తారు. దుంగ కొలతలో ఉన్న కిటుకు తెలిస్తేనే అది లాభం. వాడుకలో ఉన్న పద్ధతిలో చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదానిని దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు గల దుంగ ఈ లెక్కలో 10 ఘనపుటడుగులు. ఆ దుంగలో నిజంగా ఉన్న కలప 12 ఘనపుటడుగుల ముప్పావుకు దగ్గర. గుండ్రని దుంగను చదరం చేసేటప్పుడు పోయేదానికి ఈ కొలతలోనే కొంత వదిలిపెట్టడం ఆనవాయితీ.

అయినా పది ఘనపుటడుగుల దుంగ నుంచి పది ఘనపుటడుగుల పలకలు రావు. నిజ ఘనపరిమాణంలో సగం పలకగా తేలితే, పదింటికి వచ్చేది ఆరున్నర లోపే. 20 ఘనపుటడుగుల పలకలకు ఈ కొలత ప్రకారం 32 ఘనపుటడుగుల దుంగలు కొనవలసి ఉంటుంది. తోట టేకు సన్నని దుంగలలో తెల్లచెక్క పాలు హెచ్చు గనుక ఇంకా ఎక్కువే పట్టవచ్చు. దిగుమతి దుంగల బేరంలో చుట్టుకొలత మీదా, పొడవు మీదా తగ్గింపులు ఇచ్చే పద్ధతి ఉన్నది. ఆ తగ్గింపు ఎంతో తెలియకుండా రెండు అడితుల ధరలను పోల్చిచూడడం నిష్ప్రయోజనం. ఘనమీటరు ధర చెప్పినచోట ఘనమీటరుకు 35.3 ఘనపుటడుగులని గుర్తుంచుకుని, అది నిజ కొలతా, పావు చుట్టుకొలత పద్ధతా అని అడిగి తెలుసుకోవాలి.

ఏ కర్ర?

టేకుకు నేల పనిలో అగ్రస్థానం ఊరికే రాలేదు. అది ఆరేటప్పుడు తక్కువగా కుంచించుకుపోతుంది, పనిముట్టుకు లొంగుతుంది, చేవను చెద అంత తేలికగా ముట్టదు. గోదావరి లోయ టేకు అలలు తేలిన రేఖలకు, అదిలాబాదు టేకు గులాబి ఛాయ చేవకు కలప వర్తకంలో పేరు పొందాయి. అయితే నేలకు కావలసినది మొదట చేవ, తరువాతనే రేఖ. తాటి దూలాన్ని చేవ చూసి కొన్న ప్రాంతం ఇది. టేకు పలకనూ ఆ కంటితోనే చూడాలి. తెల్లచెక్క ఉన్న పలక ఎంత నునుపుగా ఉన్నా చెదకు విందే.

నల్లమద్ది టేకు కంటె బరువు, బలం కలది. ఆరేటప్పుడు పగిలే గుణం, పనిముట్టుకు మొండితనం దానిలోని లోపాలు. నేల కింది బద్దెలకు పనికివస్తుంది. పైపలకకు వాడదలిస్తే బాగా ఆరినదే ఎంచాలి. వేగిస గట్టి కర్ర, చక్కని రంగు. కాని చెమ్మ తగిలితే దాని రంగు దిగి పక్క గోడ సున్నాన్ని మరక చేస్తుంది. బండారు పసుపుపచ్చని నునుపైన కర్ర, పలక నేలకు ఒప్పుతుంది. చెద మందుతో శుద్ధి చేయకుండా మాత్రం వాడరాదు. జిట్రేగి నేలకు వేసేవారు అరుదు. దానికి బల్లలు, కుర్చీల పనిలోనే తగిన ధర పలుకుతుంది.

కర్ర నేల పేరిట బజారులో మరి రెండు సరుకులు చలామణి అవుతున్నాయి. మొదటిది పై పొరగా కొద్ది మిల్లీమీటర్ల అసలు కర్ర ఉండి, అడుగున ప్లైవుడ్ పొరలు గల ఇంజనీర్డ్ పలక. పొరలు అడ్డదిడ్డంగా ఉన్నందున ఇది తక్కువగా కదులుతుంది. పై పొర మందాన్ని బట్టి ఒకటి రెండుసార్లు మాత్రమే గీకి మళ్లీ మెరుగు పెట్టవచ్చు. రెండవది లామినేట్. దాని పైన కనబడే రేఖ కర్రది కాదు, అచ్చువేసిన కాగితానిది. అడుగున నొక్కిన పీచు అట్ట. కీళ్లలో నీళ్లు నిలిస్తే ఉబ్బుతుంది. మూడింటికీ ఒకే పేరు పెట్టి ఒకే వరుసలో ధరలు చెప్పే దుకాణంలో యజమాని అడగవలసిన మొదటి ప్రశ్న: పై పొర కర్రేనా, అయితే దాని మందం ఎంత?

తడి తగవు

తరుగులో పోయేది ఒకసారి ఇచ్చే డబ్బు. తడిలో పోయేది నేల మొత్తం. కర్రలోని తడిని ఎండు కర్ర బరువు మీద నూటికి ఇంత అని లెక్కిస్తారు. తడి నూటికి ఒక పాలు తగ్గితే టేకు పలక వెడల్పులో వెయ్యికి రెండు పాళ్ల చొప్పున కుంచించుకుపోతుంది. వినడానికి ఇది చాలా స్వల్పం. 20 పాళ్ల తడితో వేసిన పలకలు గదిలో ఆరి 12కు దిగితే 3 అంగుళాల పావు వెడల్పున్న ప్రతి పలక సుమారు 1.3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 12 అడుగుల వెడల్పులో అటువంటి పలకలు 44. మొత్తం మీద తగ్గేది 2 అంగుళాల పైచిలుకు. ప్రతి కీలులోనూ నాణెం దూరే సందు ఏర్పడుతుంది. అందులో చేరిన మట్టిని ఏ చీపురూ తీయలేదు.

డెల్టాలో గాలి చెమ్మను బట్టి నీడన ఉన్న కర్ర మామూలు గదులలో 12 నుంచి 15 పాళ్ల తడి వద్ద నిలకడగా ఉంటుంది. వానల నెలలలో పైకి, వడగాడ్పుల రోజులలో కిందికి పోతుంది. రాత్రింబగళ్లు ఎయిర్ కండిషనర్ నడిచే గదిలో 9, 10 పాళ్లకు దిగవచ్చు. కనుక ఒకే అడితి నుంచి ఒకే దుంగ పలకలను తెచ్చినా, మామూలు హాలుకు ఒక తడి, చల్లగది పడకటింటికి మరొక తడి కావలసి ఉంటుంది. ఏ గదికి అన్నది వర్తకుడు అడగాలి, యజమాని చెప్పాలి.

కర్ర ఆరిందో లేదో చేత్తో తట్టి, మోత విని చెప్పడం పాతకాలపు నేర్పు. బేరానికి అది సాక్ష్యం కాదు. సూదులు గుచ్చి చూసే తడి మీటరు కలిగి ఉండడం అడితికి పెద్ద ఖర్చు కాదు. అది లేనిచోట కంసాలి త్రాసు చాలు. పలక కొసన కాక నడుమ నుంచి చిన్న ముక్క కోసి తూచి, నీళ్లు మరిగే వేడిని కొద్దిగా మించిన పొయ్యిపెట్టెలో బరువు తగ్గడం ఆగేవరకు ఆరబెట్టి మళ్లీ తూచాలి. ముందు 118 గ్రాములు, తరువాత 100 గ్రాములు తూగితే తడి 18 పాళ్లు. అది నేలకు పనికిరాదు, ఇంకా ఆరాలి.

ఆరబెట్టడానికి రెండు దారులు. నీడన బద్దెలు అడ్డంపెట్టి గాలి తగిలేలా పేర్చి నెలల తరబడి ఉంచడం మొదటిది. ఇందులో డబ్బు నిలిచిపోతుంది, వానాకాలంలో ఆరుదల సాగదు. ఆవిరి బట్టీలో ఆరబెట్టడం రెండవది. ఇది వారాల పని, బట్టీ కూలి అదనం. వర్తకుడు తక్కువ ధర చెబుతున్నాడంటే ఈ రెండింటిలో దేనినో వదిలివేసి ఉండవచ్చు. ఘనపుటడుగు మీద తగ్గిన ఆ ధర యజమానికి లాభంగా కనబడుతుంది. ఏడాది తరువాత పలకలు ఊడదీయించి, కొత్తవి చేర్చి, మళ్లీ మెరుగు పెట్టించిన ఖర్చుతో చూస్తే అది లాభం కాదు.

ఆరిన కలప ఇంటికి చేరాక కూడా పది, పదిహేను రోజులు ఆ గదిలోనే పేర్చి ఉంచి, అక్కడి గాలికి అలవాటు కానివ్వాలి. వేసేటప్పుడు గోడ వెంబడి అర అంగుళానికి తగ్గకుండా సందు వదలాలి. తడి 11 నుంచి 15కు పెరిగితే 12 అడుగుల వెడల్పులో నేల ఒక అంగుళం పైగా ఉబ్బుతుంది. ఆ అంగుళానికి చోటు చూపకపోతే నేల నడుమ ఉబ్బి పైకి లేస్తుంది. గోడ అంచు పట్టీ ఆ సందును కప్పివేస్తుంది కనుక చూపుకు లోటు ఉండదు.

నేల, వరద, గడప

పలక ఎంత ఆరినదైనా కింది నేల తడిగా ఉంటే ఫలితం సున్న. కొత్తగా వేసిన కాంక్రీటు ప్రతి అంగుళం మందానికీ దాదాపు నెల రోజుల ఆరుదల కోరుతుంది. దానిని పరీక్షించే పద్ధతి సులువైనది. రెండడుగుల చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నేల మీద పరచి, నాలుగు అంచులా పట్టీ అంటించి ఒక రోజు ఉంచాలి. విప్పినప్పుడు అడుగున చెమట బిందువులు కనబడితే పని ఆపాలి. కోనసీమలోనూ, కాలువల పక్క ఊళ్లలోనూ భూమిలో నీరు పైపైనే ఉంటుంది కనుక కింది అంతస్తు నేలకు చెమ్మ నిరోధక పొర, చెద మందు ఖర్చు తప్పనిసరి. ఇంటికి పునాది వేసేటప్పుడే చేయవలసిన చెద మందు పనికి ఐ.ఎస్. 6313 ప్రమాణం ఉన్నది. ఇల్లు పూర్తయ్యాక చేసే మందు దానికి సాటి రాదు.

వరద మాట మరువరాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో మళ్లీ 25 లక్షలు మించింది. లంక గ్రామాలలో, ఏటిగట్టు పక్కన కట్టిన ఇళ్లలో కర్ర నేల కింది అంతస్తుకు సలహా ఇచ్చే వర్తకుడు తన సరుకుకు తానే హాని చేసుకుంటున్నట్లు. అటువంటి చోట్ల మేడ మీది గదే దీనికి తగినది. స్నానాల గది, వంటగది గుమ్మాల వద్ద కర్రను ఆపి రాయి పట్టీ వేయడం వివేకం.

అంచనాలలో తరచుగా మరచిపోయేది గడప. ఒకటిన్నర అంగుళాల బద్దెల మీద ముప్పావు పలక పరిస్తే నేల 2 అంగుళాల పావు లేస్తుంది. గడప ఆ మేరకు పూడిపోతుంది, తలుపు రెక్క అడుగున కోయవలసి వస్తుంది. పసుపు రాసి బొట్టు పెట్టే గడప నేలలో కలిసిపోవడానికి ఇంటి ఆడవారు ఒప్పుకోరు. పని సగంలో ఆగిన తరువాత ఈ మాట తెలియడం ఎవరికీ మంచిది కాదు. కొత్త ఇంటికైతే కర్ర వేయదలచిన గదిలో ఆ మేరకు నేలను ముందే దింపుకోవాలి. పాత ఇంటికైతే బద్దెలు లేకుండా నేలకు అంటించే సన్నని ఇంజనీర్డ్ పలకను ఆలోచించవచ్చు.

నిర్వహణ ఖర్చు కూడా బేరంలో భాగమే. బకెట్టుతో నీళ్లు గుమ్మరించి కడిగే ఇంటికి కర్ర నేల తగదు. పిండిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరనివ్వాలి. కొన్నేళ్లకు ఒకసారి గీకి మెరుగు పెట్టించాలి. ముప్పావు అంగుళం అసలు పలకకు ఆ అవకాశం పలుమార్లు ఉన్నది. టైల్సుతో పోల్చినప్పుడు వర్తకుడు చెప్పదగిన మేలు అదే.

అంచనా కాగితం

180 చదరపుటడుగుల గదికి వ్రాయవలసిన అంచనాలో ఎనిమిది పద్దులు ఉండాలి.

మొదటిది పైపలక: 20 ఘనపుటడుగుల పైచిలుకు కోత టేకు. రెండవది అంచు పట్టీ: గుమ్మం పోను 50 అడుగుల పొడవుకు దాదాపు ఒక ఘనపుటడుగున్నర. మూడవది కింది బద్దెలు: పలకలు 15 అడుగుల పొడవునా పరిస్తే 16 అంగుళాలకు ఒకటి చొప్పున 12 అడుగుల బద్దెలు 13 పడతాయి, 2 అంగుళాలు, ఒకటిన్నర అంగుళాల కొలతతో తరుగు కలిపి మూడున్నర ఘనపుటడుగులు. ఇవి టేకు కానవసరం లేదు, చెద మందు పట్టించిన గట్టి కర్ర చాలును. నాలుగవది ఆరబెట్టిన కూలి, చిత్రిక, గాడి, నాలిక యంత్రపు కూలి. అయిదవది నేల చదును, చెమ్మ పొర, చెద మందు. ఆరవది వడ్రంగి మజూరీ, మేకులు, మరలు. ఏడవది గీకుడు, మెరుగు పూతలు. ఎన్ని పూతలో అంకె వేసి వ్రాయాలి. ఎనిమిదవది రవాణా, తలుపుల కోత, అనుకోని ఖర్చు కింద మొత్తం మీద నూటికి పది.

కలప ఒక్కటే ఖర్చనుకున్న యజమానికి ఈ ఎనిమిది పద్దులూ భయం కలిగించవచ్చు. అలాంటప్పుడు తగ్గించదగినవి ఏవో, తగ్గించరానివి ఏవో చెప్పడం వర్తకుని విధి. గదుల సంఖ్య తగ్గించవచ్చు. బద్దెలకు టేకు మానవచ్చు. పొడవు పలకలకే పట్టుబట్టకుండా మూడు, నాలుగు అడుగుల పొట్టి పలకలను బద్దెల మీద అతుకులు వచ్చేలా పరిస్తే అడితిలో మిగిలిపోయిన కోతలు కూడా పనికివస్తాయి, ధర దిగుతుంది. చేవను, ఆరుదలను, చెమ్మ పొరను మాత్రం తగ్గించరాదు.

ధర చెప్పేటప్పుడు జి.ఎస్.టి. కలిపినదా, కానిదా అన్నది స్పష్టం చేయాలి. బయానా రసీదు మీద అయిదు మాటలు ఉండడం ఇరుపక్షాలకూ రక్ష: కర్ర జాతి, అది వచ్చిన చోటు, అప్పగించేనాటి తడి, పైముఖాన తెల్లచెక్క ఉండరాదన్న షరతు, పరిచిన చదరపుటడుగు మీద ధర. తడి మించిన పలకను వర్తకుడు వెనక్కు తీసుకోవాలి. పరిచిన తరువాత నీళ్లు గుమ్మరించి చెడగొట్టుకున్న నేలకు యజమానిదే పూచీ.

సరుకు పత్రాల విషయంలో ఉపేక్ష పనికిరాదు. రైతు గట్టు మీది టేకైనా నరకడానికి, తరలించడానికి అనుమతి ఉండాలి. రవాణాకు 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు, చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం వర్తిస్తాయి. కోత మిల్లుకు లైసెన్సు ఉండాలి. పర్మిటు లేని దుంగ చవకగా వచ్చినా, దారిలో పట్టుబడితే సరుకుతోపాటు బండి కూడా పోతుంది. ఇంటి యజమాని సైతం బిల్లు, పర్మిటు నకలు అడిగి దాచుకోవడం మేలు.

టైల్సు వర్తకం చదరపుటడుగు భాషలో మాట్లాడి ఇంటింటికీ చేరింది. కలప వర్తకం ఇంకా ఘనపుటడుగు భాషలోనే మాట్లాడుతున్నది. 9తో భాగించి, తడి అంకె వ్రాసి, పరిచిన ధర చెప్పే అడితికి వచ్చే కొనుగోలుదారు ముందుగానే హెచ్చు ధర వింటాడు. కొందరు వెనుదిరిగి వెళ్లవచ్చు. ఉండిపోయినవారి ఇంట మరుసటి వానాకాలం గడిచినా పలక లేవకుంటే, ఆ వీధిలో రెండవ ఇంటివారు అడిగేది ఆ అడితి పేరునే.